ఖంపన్‌కి పంపిన బుధవారం

ఆరో పలక పూర్తిచేసి ఏడోదాన్ని ముందుకు లాక్కుంది బువాలై. పలకకి ఇరవై గిన్నెలు. ప్రతి గిన్నె మీదా అప్పటికే ఎర్రటి కోడిపుంజు నిలబడి ఉంది, తోక మాత్రం లేదు. తోక ఆమె పని. కుంచె నల్లరంగులో ముంచి మూడు గీతలు గీస్తుంది, మూడోదాన్ని కాస్త పైకి వంచి వదిలేస్తుంది. లాంపాంగ్‌లోని ఆ గిన్నెల కార్ఖానాలో ముప్పై ఒక్క ఏళ్లుగా తోకలే గీసింది. మొత్తం కోడిని గీయమంటే తనకు చేతకాదని తనే నవ్వుతూ చెప్పేది. పొట్టి మనిషి. ఎంత తోమినా వేళ్ల కొసల నలుపు వదలదు.

పక్కన కూర్చుని ఆకులు వేసే చంతిప్‌ని చెయ్యి చాపమని, పచ్చరంగు అంటిన ఆమె చూపుడువేలిని ఫోనుతో ఫొటో తీసింది. సోమవారం పసుపు, మంగళవారం గులాబీ, బుధవారం పచ్చ. అక్కడ వారంలో రోజుకో రంగు; పెద్దవాళ్లంతా పొద్దున్నే ఆ రోజు రంగు పువ్వుల బొమ్మ ఒకటి చుట్టాలందరికీ పంపి, పిల్లలకు విసుగు పుట్టిస్తుంటారు. బువాలై పంపేది ఒక్క మొగుడికే. అదీ ఎవరో చేసిన పువ్వులు కావు, తన కంటపడినవి.

"నా వేలు చూసి బావ ఏం చేసుకుంటాడక్కా? మొన్న శుక్రవారం నా నీలం చెప్పు కూడా పంపావు" అంది చంతిప్.

"ఏదో ఒకటి. మంచంలో ఉన్నోడికి ఇవాళ ఏ వారమో తెలియాలిగా."

ఖంపన్ మంచం పట్టి ఎనిమిది నెలలు. బట్టీలో గిన్నెలు పేర్చీ పేర్చీ ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఇక ఇంట్లోనే ఉంచి చూసుకోమన్నారు డాక్టర్లు. కూర బాగుందని ఎన్నడూ అనని మనిషి, మంచం పట్టాక ప్రతి బొమ్మకీ ఓ మంచి మాట వెతికి, ఆయాసపడుతూ ఫోనులో చెప్పి పంపేవాడు. ఆ మాట వచ్చిందంటే ఆయన ఉన్నాడని. దానికోసమే ఆమె చెవులు రిక్కించుకుని తోకలు గీసేది.

ఆ పొద్దున ఆయనకి గంజి రెండు చెంచాలకు మించి దిగకపోయేసరికి, తను పనికి పోనంది. ఆయన ఒప్పుకోలేదు. తన మొహం చూస్తూ కూర్చుంటే ఇంట్లోకి కొత్తది ఏం వస్తుంది, పోయి ఏదన్నా పట్టుకురమ్మన్నాడు.

ఫోను మోగింది. ముందు ఊపిరి, తరవాత మాట.

"బుధవారమన్నమాట. ఆ వేలు చూస్తే నాట్లప్పుడు గట్టుమీద కూచున్నట్టుందే. చంతిప్‌కి దణ్ణం పెట్టానని చెప్పు."

మధ్యాహ్నం జిగురన్నంలోకి తెచ్చుకున్న పచ్చిమిరప పచ్చడిని ఫొటో తీసి పంపింది. ఆయన చూసినట్టు ఫోనులో గుర్తు రాలేదు. కునుకు తీసి ఉంటాడనుకుంది. ఒక పలక గీసి చూసింది, లేదు. ఇంకో పలక గీసింది. అయినా లేవలేదు. లేస్తే నిజమైపోతుందని భయం. ఆ నలభై తోకల కోసం తర్వాత ఆమె తనను తాను ఎన్నిసార్లు తిట్టుకుందో లెక్కలేదు.

పక్కింట్లోనే ఉండే మరిది కేవ్మా ఫోను చెయ్యలేదు, తనే వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. బువాలై కుంచె కడిగి, ఆరబెట్టి, లేచింది.

సాయంత్రానికి స్నానం చేయించి, పెట్టెలో పడుకోబెట్టారు. గుడి నుంచి భిక్షువులు రావాలి.

"వదినా, అన్న ఫొటో ఒకటియ్యి. పెద్దది చేయించి పెట్టె ముందు పెట్టాలి" అన్నాడు కేవ్మా.

ఆమె ఫోను తీసింది. చెప్పులు, మిరపకాయలు, వాన నీళ్లు, గోడమీద బల్లి, ఎవరిదో గొడుగు. వేళ్లు నొప్పిపుట్టేదాకా జరిపింది. లోకంలో ఉన్నదంతా ఆయనకోసం తీసింది గానీ, ఆయన్ని తియ్యలేదు. ఒకసారి ఫోను ఎత్తితే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఈ పీక్కుపోయిన మొహం ఎందుకే, బాగయ్యాక తీద్దువులే" అన్నాడు. అప్పుడు మాట వినకుండా ఉండాల్సింది. ఏ మాటా ఓ పట్టాన వినని తను ఆ మాట విన్నందుకు ఏడుపొచ్చింది.

"లేదు మరిదీ" అంది.

ఆఖరికి గుర్తింపు కార్డులోని ఫొటోనే పెద్దది చేయించి తెచ్చారు. చుట్టూ తెల్లపూలు గుచ్చి పెట్టె ముందు నిలబెట్టారు. అందులో ఎవరో బోసికళ్ల మనిషి కోపంగా చూస్తున్నాడు. ఆ ఫొటో తీసేటప్పుడు, ఆయన ఎప్పుడూ పెట్టుకునే కళ్లజోడు తీసేయమన్నారట. వచ్చినవాళ్లు దానికే దణ్ణం పెడుతుంటే బువాలైకి చేతులు రాలేదు.

లోపలికి వెళ్లి, దిండు పక్కనుంచి ఆయన కళ్లజోడు తెచ్చి ఆ ఫొటో ముందు పెట్టింది. అప్పుడు చేతులు జోడించింది. దాని విరిగిన కాడకి ఆయనే చుట్టుకున్న తెల్లదారం, చెమటకి పసుపెక్కి ఉంది.