ముందుగదిలో చక్రం

సైకిల్ షాపు షట్టరు ఎత్తగానే చువ్వ ముందు దేవుడి పటానికి దణ్ణం పెడుతుంది, తర్వాత డెంటిస్టుకి. పిలిస్తే దేవుడు ఎప్పుడొస్తాడో ఆయనిష్టం. డెంటిస్టు మాత్రం పిలవకుండానే వచ్చేస్తాడు, సైకిలేసుకుని, చెమటలు కక్కుతూ.

"ఏమ్మా, ఎత్తు ఎక్కుతుంటే నా గుండె నలభై అని చూపించింది. పోయాననే అనుకున్నాను."

"పట్టీ తడిపారా సార్?"

"తడపాలా?"

"నోరు తెరవకుండా మీరు పన్ను పీకుతారా? ఇదీ అంతే. ఎండు పట్టీకి ఏ గుండే అందదు."

చువ్వ అంటే కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు లెండి. సైకిల్ షాపులో చేరిన కొత్తలో చక్రాలకి చువ్వలు బిగించేది. ఓ రోజు షాపాయన అటు చూసి, "ఇందులో చువ్వేదో పిల్లేదో తెలీడం లేదు" అన్నాడు. పేరు అదే నిలిచిపోయింది. ఇప్పుడు ఆమె పని చువ్వలు కాదు, సెన్సార్లు. ఈ కాలం పెద్దమనుషులకి సైకిల్ తొక్కితే చాలదు, ఎంత తొక్కారో ఋజువు కావాలి. చక్రం ఇరుసుకి బొటనవేలంత బిళ్ళ ఒకటి తగిలిస్తే అది వేగం చెబుతుంది. పెడల్ కర్రకి లోపలివైపు ఇంకోటి అంటిస్తే నిమిషానికి ఎన్ని తొక్కుళ్ళో చెబుతుంది. రొమ్ము కింద నల్ల పట్టీ కట్టుకుంటే గుండె సంగతి అది చూసుకుంటుంది. ఈ మూడింటినీ హ్యాండిల్ మీదుండే మీటరుకి పరిచయం చేయాలి. దాన్ని జత కలపడం అంటారు.

పరిచయం మాత్రం ఏకాంతంలోనే జరగాలి. ఒకసారి డెంటిస్టూ ఆయన స్నేహితుడు లాయరూ పక్కపక్కనే నిలబడి జత కలుపుకున్నారు. ఆ ఆదివారం పొడుగునా డెంటిస్టు లాయరు గుండెతో తొక్కాడు. "అబద్ధాలాడే గుండె నాకెందుకమ్మా, నాది నాకిప్పించు" అని మర్నాడు వచ్చి గోల. అప్పటినుంచి చువ్వ ఒక్కో మనిషినే వెనకగదిలోకి తీసుకెళ్తుంది. మనవి కాని గుండెలు దగ్గర్లో ఉండకూడదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీంతో మనకి పనుంది.

ఇక ఇల్లు. రైలు గేటుకి కూతవేటు దూరంలో, వీధిలో చివరిది. ముందుగదిలో స్టాండు మీద అమ్మ సైకిల్ ఉంటుంది. పెళ్ళైన కొత్తలో అమ్మా నాన్నా ఒకే రోజున జతగా కొనుక్కున్న రెండు సైకిళ్ళలో అదొకటి. చువ్వ పలక పట్టుకుని బడికెళ్ళే రోజుల్లో, టైరులో గాలి కొట్టించుకొస్తానని నాన్న తన సైకిలెక్కి వెళ్ళాడు. ఆ గాలి ఏ లోకంలో దొరికిందో గానీ మనిషి తిరిగి రాలేదు. ఆ సాయంత్రం నుంచే ముందుగదిలో అమ్మ సైకిల్ తిరగడం మొదలైంది. ఎక్కడో ఆయన తొక్కితే ఇక్కడ తిరుగుతుంది, ఆపితే ఆగుతుంది. జతగా కొన్నవి మరి.

స్టాండు మీదుండి నేలకి తగలకపోయినా దాని టైరు అరుగుతుంది. వానరోజుల్లో బురద చిమ్ముతుంది. అమ్మ కింద గోనె పరుస్తుంది, చువ్వచువ్వనీ తుడుస్తుంది, చైనుకి నూనె వేస్తుంది, అరిగిన టైరు మారుస్తుంది. చక్రం కదలగానే పక్కింటి టైలరమ్మ తన పిల్లల్ని బడికి లేపుతుంది. "వదినా, మీ ఆయన ఏ పనీ చెయ్యకపోయినా మా పిల్లల్ని మాత్రం టైముకి లేపుతాడు" అంటుంది. అమ్మ నవ్వదు.

చక్రం తిరుగుతున్నంతసేపూ అమ్మ దాన్ని వదిలి కదిలేది కాదు. అది ఆగాకనే, హాస్టల్లో దుప్పట్లు ఇస్త్రీ చెయ్యడానికి వెళ్ళేది. పొద్దుటా సాయంత్రం గేటు గంట మోగితే చాలు, చక్రం ఆగేది. అమ్మ చేతులు జోడించేది. "చూశావటే, ఈ గంట దీనికి వినబడితే ఆయనకి వినబడినట్టే. ఎంత దూరాన ఉన్నా దణ్ణం పెట్టుకోడానికి ఆగుతున్నాడు." కొండలు ఎక్కుతున్నాడని ఒకసారీ, ఎదురుగాలిలో పడ్డాడని ఒకసారీ చెప్పేది. దేవుడా, ఈ మనిషికి కష్టం తగ్గించు అని మొక్కుకుని ఇంకో చుక్క నూనె వేసేది.

అలా ఉండగా హాస్టల్ వార్డెనమ్మ అమ్మకో మంచి మాట చెప్పింది. వేరే ఊళ్ళో కొత్త హాస్టల్ కడుతున్నారు, పక్కబట్టల పనంతా అమ్మ పెత్తనం కిందే, ఉండటానికి గదీ వాళ్ళే ఇస్తారు. ఈ నెలాఖరుకల్లా అవునో కాదో చెప్పాలి.

"చక్రం తిరుగుతుంటే గుమ్మానికి తాళమెలా వేస్తానే?" అంది అమ్మ. "మనిషొస్తే?"

చువ్వకి ఒళ్ళు మండింది. జీవితంలో ఒక్కసారి తలుపు తట్టిన అదృష్టాన్ని, అమ్మ సైకిలుకి కాపలా ఉంటూ పొమ్మంటోంది. ఆయన ఎక్కడున్నాడో తేలితే అమ్మ ఆయన దగ్గరికైనా పోతుంది, ఆ ఊరికైనా పోతుంది. ఈ సంగతి షాపులో చెబితే షాపాయన తల బాదుకున్నాడు. "ఊళ్ళోవాళ్ళందరికీ సెన్సార్లు పెడతావు. ఇంట్లో సైకిల్ తిరుగుతుంటే దానికి పెట్టాలన్న బుద్ధి లేదుటే?" అని, డెంటిస్టు కొత్తవి కొనుక్కుని వదిలేసిన పాత సెట్టు ఆమె చేతిలో పెట్టాడు.

చక్రం చుట్టుకొలత తెలియందే మీటరు దూరం చెప్పలేదు. టైలరమ్మ టేపు పట్టుకొచ్చి కొలిచింది. "ఈ కొలతకి మీ ఆయనకి చొక్కా కుట్టచ్చు వదినా." ఇరుసుకి ఒకటి, పెడల్ కర్రకి ఒకటి బిగించాక చువ్వ నల్ల పట్టీ తీసింది.

"దీనికి గుండెక్కడుందే?" అని అమ్మ అడిగింది.

సీటు కింద గొట్టానికి కట్టారు. కుండలో నీళ్ళు తెచ్చి అమ్మే తడిపింది, జ్వరమొచ్చిన బిడ్డ నుదుటికి తడిగుడ్డ వేసినంత మెల్లగా. మీటరులో అంకె వెలిగింది. డెబ్బై రెండు.

"నాది కాదు కదా?"

"నీకు పట్టీ లేదుగా అమ్మా. అయినా నువ్వు వీధిలోకి వెళ్ళు, చూద్దాం."

అమ్మ వీధిలోకి వెళ్ళింది. అంకె మారలేదు. లోపలికొచ్చి దాన్ని చాలాసేపు చూసింది. "ఇంత నిదానంగా ఉందేమిటే?"

మర్నాడు దీపాలవేళ అడిగింది, "ఎంత దూరం పోయాడు?"

"ఏడు కిలోమీటర్లు."

"పొద్దున్న పూటకా?"

"రోజు మొత్తానికి."

కొండలు లేవు, ఎదురుగాలి లేదు. భోంచేసి షికారుకెళ్ళిన మనిషి తొక్కుడది. రోజూ అంతే దూరం, అంతే వేగం. గుండె ఆ డెబ్బై దగ్గరే కూర్చుంది. ఇన్నేళ్ళూ ఆయన పడ్డాడనుకున్న కష్టమంతా అమ్మ ముఖంలోకి ఒక్కసారే వచ్చి చేరింది.

ఒక సాయంత్రం గేటు గంట మోగింది. చక్రం ఆగింది. అమ్మ అలవాటుగా చేతులు జోడించబోయింది. జోడించలేదు. కూతురివైపు చూసింది. రైలు గేటు దగ్గర ఎవరైనా ఎందుకు ఆగుతారో ఇద్దరికీ ఒకేసారి తట్టింది. ఎదురుగా ఉన్న ఏనుగు కనబడకపోవడమంటే ఇదే. ఆ వీధిలో ఇంకెవరూ చూడలేదా అంటారా? చూసే ఉంటారు. చూసి ఊరుకోవడం మర్యాద అనుకుని ఉంటారు.

మర్నాడు చువ్వ షాపుకి సెలవు పెట్టి ముందుగానే గేటు దగ్గర నిలబడింది. ఫోను చెవి దగ్గరుంది. ఇంట్లో అమ్మ మీటరు ముందు కూర్చుంది. గంట మోగి గేటు దిగింది. ఆగినవాళ్ళలో ఒకాయన ఒంటికాలు నేలకి ఆనించి ఉన్నాడు. జుట్టు పలచబడింది. సైకిల్ మాత్రం నిన్న కొన్నట్టు మెరుస్తోంది. అమ్మ సైకిల్ రంగే, అదే హ్యాండిల్. వెనక క్యారియర్ మీద రెండు జడల పిల్ల.

"చక్రం ఆగిందే," అంది అమ్మ ఫోనులో. "కనబడ్డాడా?"

"ఊఁ."

"బాగున్నాడా?"

ఆయన అప్పుడే తలతిప్పి వీళ్ళ వీధిలోకి చూశాడు. చివరింటి తలుపు అక్కణ్ణుంచి శుభ్రంగా కనబడుతుంది. తలుపుని చూశాడు, తోవలో నిలబడ్డ చువ్వనీ చూశాడు, రైలొచ్చేవైపు తిరిగాడు.

"ఇప్పుడెంతమ్మా?"

"డెబ్బై రెండు. అదే."

రైలొచ్చింది. వెనకాల పిల్ల రైలుకి చెయ్యూపుతూ పక్కకి ఒరిగి జారింది. కాలు చువ్వల్లోకి పోబోయింది. ఆయన సైకిలొదిలి చటుక్కున వెనక్కి తిరిగి పిల్లని రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఒసేయ్," అమ్మ గొంతు మారిపోయింది. "నూట ముప్పైకి పోయిందే. మనింటివైపు చూశాడా? చూశాడు కదూ?"

భగవంతుడు మనిషికి నోరిచ్చాడు, అబద్ధమాడే తెలివీ ఇచ్చాడు. కొన్ని వేళల్లో రెండూ కలిసి రావు.

"అందుక్కాదమ్మా," అంది చువ్వ. "వెనకాల బిడ్డ జారబోతే పట్టుకున్నాడు."

రైలు వెళ్ళిపోయింది.

"పిల్లాడా, ఆడపిల్లా?"

"ఆడపిల్ల."

"జడలు బాగా వేసున్నాయా?"

"రెండు జడలు. రిబ్బన్లు కట్టారు."

"అయితే ఇంట్లో మనిషి ఉందన్నమాట," అని అమ్మ ఫోను పెట్టేసింది.

చువ్వ ఇంటికొచ్చేసరికి అమ్మ గోనె మడతపెడుతోంది. గూట్లోంచి నూనె డబ్బా తీసి కూతురి చేతికిచ్చింది. "షాపులో పెట్టుకో. ఊరికే ఇక్కడెందుకు?" నెలాఖరు రాకుండానే వార్డెనమ్మకి సరేనంది. వెళ్ళేరోజు టైలరమ్మ, "ఇన్నాళ్ళూ ఆ చక్రానికి చేసిన చాకిరీ దేవుడికి చేసుంటే ఎదురుగా నిలబడేవాడు వదినా" అని కళ్ళొత్తుకుంది. "దేవుడికి చేస్తున్నాననే అనుకున్నాను" అంది అమ్మ.

చువ్వ ఒక్కతే ఇంట్లో మిగిలింది. వానలు వచ్చి వెళ్ళాయి. చైను ఎర్రబడింది. చక్రం మొదట మూలిగింది, తర్వాత కీచుమంది. చువ్వకి చుక్క నూనె వెయ్యడం ఎంతసేపు? వెయ్యలేదు. ఎందుకని నన్నడక్కండి, మీ మనసునే అడగండి. ఒక పొద్దున్న చక్రం కదల్లేదు. టైలరమ్మ పిల్లలకి ఆ రోజు బడి పోయింది.

అదే రోజు షాపు ముందుకి ఒకాయన సైకిల్ ఈడ్చుకుంటూ వచ్చాడు. వెనకాలే రెండు జడల పిల్ల నడిచి వచ్చింది. చైను తుప్పు పట్టి కర్రలా బిగుసుకుపోయింది. షాపాయన నూనె పోశాడు, ఇసుక తాగినట్టు తాగేసింది. కొత్త చైను వేశాడు, అదీ బిగుసుకుంది.

"విచిత్రం బాబూ," అన్నాడాయన. "ఇన్నేళ్ళలో దీనికి ఒక్క చుక్క నూనె వేసి ఎరగను. టైరు కూడా మార్చలేదు. దేవుడే నడిపించాడు."

చువ్వ చేతిలో పని ఆపింది. "దేవుడికి వేరే చేతులుండవండి. ఎవరి చేతులో వాడుకుంటాడు."

పిల్ల ఆమె దగ్గరికొచ్చింది. "అక్కా, నువ్వు బాగుచేస్తావా? రేపటినుంచి బడికి నడవాలిట."

ఆ పిల్ల తప్పేముంది చెప్పండి. చువ్వ దాని రిబ్బను సరిచేసింది. అరలోంచి నూనె డబ్బా తీసింది, మొలలోంచి ఇంటి తాళంచెవి తీసింది, రెండూ ఆయన ముందు బల్లమీద పెట్టింది.

"ఇక్కడ అయ్యే పని కాదండి. మీరు రోజూ ఆగే గేటు పక్కనే వీధి ఉంది. చివరిల్లు. ముందుగదిలో దీని జత సైకిల్ ఉంది. దాని చైనుకి నూనె వెయ్యండి, ఇది తిరుగుతుంది. ఇంట్లో ఎవరూ లేరు. మొహం చూపించాల్సిన పని లేదు."

ఆయన మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. చూస్తూ చూస్తూ, ముందు కళ్ళు వాల్చాడు, తర్వాత తల. తాళంచెవి మీదికి చెయ్యి సగం దాకా వచ్చింది. వెనక్కి పోయింది.

"నడిచే పోతాంలే అమ్మా," అన్నాడు.

మొరాయించిన సైకిల్ని భుజానికెత్తుకుని, గేటు తోవ వదిలేసి, చుట్టుతోవలో వెళ్ళాడు. పిల్ల వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ నడిచింది.

ఆ సాయంత్రం చువ్వ పట్టీ తడిపి మీటరు చూసింది. వేగం సున్నా. తొక్కుళ్ళు సున్నా. గుండె నూట నలభై. అమ్మకి ఫోను చేసి జరిగిందంతా చెప్పింది.

అవతల ఇస్త్రీపెట్టె దుప్పటి మీద పాకుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది.

"ఇంకా కొట్టుకుంటోందమ్మా. నూట నలభై."

"విప్పెయ్యవే," అంది అమ్మ. "బ్యాటరీ దండగ. అన్నం తిన్నావా?"

చువ్వ సీటు కింద చెయ్యి పెట్టి పట్టీ లాగింది. అరచేతిలో తడిగా, కొంచెం వెచ్చగా ఉంది. మీటరులో అంకె పోయి రెండు గీతలు మిగిలాయి.

"తింటానమ్మా," అంది.