సూణ్ణేదు

బిలాస్‌పూర్ తోర్వా సందులో ఆదినారాయణను మళ్ళీ చంపుతున్నారు. ఈసారి టీవీ సీరియల్ కోసం.

మూడేళ్ళ క్రితం నిజంగానే చంపారు. రైలు పెట్టెలు కడిగే కాంట్రాక్టు కూలీలను కూడగట్టి సమ్మె చేయించాడని, కాంట్రాక్టర్ మనుషులు పట్టపగలు ఇనపరాడ్లతో కొట్టారు. సందంతా చూసింది. కోర్టులో మాత్రం ఒక్కొక్కరే బోనెక్కి "సూణ్ణేదు బాబూ" అన్నారు. వలసొచ్చిన తెలుగువాళ్ళ పిల్లలైనా అందరూ అక్కడే పుట్టి పెరిగినవాళ్ళే, హిందీ గడగడా వచ్చినవాళ్ళే. రాదని చెప్పి తెలుగు చాటున దాక్కున్నారు. దుబాసీ "నహీఁ దేఖా" అని జడ్జిగారికి చెప్పాడు. కాంట్రాక్టర్ మెడలో దండలతో బయటికొచ్చాడు.

సీరియల్లో అసలు కాంట్రాక్టరే లేడు. ఆదినారాయణ పెళ్ళాం అచ్చియమ్మే ప్రియుడితో కలిసి మొగుణ్ణి చంపిస్తుందట. ప్రియుడుంటేనే జనం చూస్తారట!

గుంపులో నిలబడడానికి ఆ సందు జనాన్నే పిలిచి, బిర్యానీ పొట్లాలు పంచారు. కేసు వార్తల్లో చదివిన ఆ తెలుగు మాట డైరెక్టర్‌కి భలే నచ్చింది.

"పోలీస్ పూఛేగా, సబ్ బోలో, సూణ్ణేదు! మజా ఆయేగా!"

అన్నారు. పోలీసు అడిగితే ఆ మాటే అనాలట, తలలు దించుకునే అన్నారు.

"ఔర్ జోర్ సే!"

మళ్ళీ, ఇంకా గట్టిగా అన్నారు. అప్పుడే డ్యూటీ దిగి వచ్చింది అచ్చియమ్మ. ఆమె పేరు పెట్టుకున్న నటి ఇంకొకడి భుజమ్మీద వాలి నవ్వుతోంది. అచ్చియమ్మ ఆ నటిని దాటుకుని నేరుగా రమణమూర్తి దగ్గరికొచ్చింది. ఆదినారాయణతో కలిసి పెట్టెలు కడిగినవాడతను.

"ఏటి బావా, ఆరోజు బయపడి అన్నావు. ఈరోజెందుకన్నావు? బిర్యానీకా?"

రమణమూర్తి పొట్లం కింద పెట్టాడు.

"కొడతంటే నీ మొగుడు నా తలుపే తట్టినాడమ్మా. అన్నా అని అరిసినాడు. నాను తియ్యనేదు."

"గొళ్ళెం ఎట్టింది నాను," అంది అతని భార్య మంగాయమ్మ ఏడుస్తూ.

"ఇప్పుడు నోరిప్పితే పని పోద్ది. మన పిల్లల్నెవులు సూస్తారు?" గుంపులోంచి ఎవరో గొణిగారు.

"ఆడికీ పిల్లలున్నారు. ఆల్లనెవులు సూసినారు? మనం సూసినామా?" అన్నాడు రమణమూర్తి.

డైరెక్టర్ మళ్ళీ చెయ్యెత్తాడు.

"యాక్షన్!"

పోలీసు వేషగాడు లాఠీ ఊపాడు. "కిసీ నే దేఖా?"

"సూసినాను," అన్నాడు రమణమూర్తి.

"కట్! కట్!"

"నానూ సూసినాను!" మంగాయమ్మ. ఆ వెనక ఇంకొకరు. ఆ వెనక సందంతా. కెమెరా ఆగింది కానీ జనం ఆగలేదు. కాంట్రాక్టర్ పేరు పెట్టి అరిచారు. అచ్చియమ్మ చుట్టూ గోడలా నిలబడ్డారు.

షూటింగ్ చెడగొట్టారని అసలు పోలీసులొచ్చి అందర్నీ వ్యానెక్కించారు. స్టేషన్లో ఇన్స్‌పెక్టర్ కాగితం తీసి, అక్కడ ఏం చూశారో చెప్పమన్నాడు.

"క్యా హువా థా వహాఁ? జో దేఖా, బోలో."

రమణమూర్తి తలుపు తట్టిన చప్పుడు దగ్గర మొదలుపెట్టాడు.

"అరే, మైఁ షూటింగ్ కా పూఛ్ రహా హూఁ!" తను అడిగేది షూటింగ్ గురించని విసుక్కున్నాడు ఇన్స్‌పెక్టర్.

"హమ్ ఖూన్ కా బతా రహే హైఁ సాబ్. హమ్ సబ్ నే దేఖా."

ఆ హత్యను అందరం చూశామని రమణమూర్తి హిందీలోనే చెప్పాడు. ఈసారి దుబాసీ అవసరం రాలేదు.