గులాబీ రంగు పోగు

మా ఆఫీసులో నన్ను కత్తెరక్క అంటారు. జేబులో ఎప్పుడూ చిన్న కత్తెర ఉంటుంది కదా, అందుకని వాళ్లు చెబుతారు. నా నోటిని చూసే ఆ పేరు పెట్టారని నాకు తెలియదా ఏమిటి! నిజానికి నా పని కత్తిరించడం కాదు, అతకడం. వెంట్రుకంత సన్నటి గాజు పోగుల్లో వెలుతురు పరిగెడుతుంటుంది. ఇంటర్నెట్ ఇంటర్నెట్ అని అందరూ అనేది దాన్నే. ఎక్కడైనా తెగితే రెండు కొసలూ తుడిచి, చిన్న యంత్రంలో పెట్టి, కరిగించి కలుపుతాను. ఇరవై రెండేళ్లుగా ఇదే నా ఉద్యోగం.

మా కేబుల్ గదిలోంచి ఒక కేబుల్ సరిహద్దు దాటి పక్క దేశానికి పోతుంది. అందులో తొంభై ఆరు పోగులు. దాని అవతలి చివర కూర్చునే మనిషి మొహం నేనెప్పుడూ చూడలేదు. గొంతు మాత్రం మా ఆయన గొంతుకన్నా ఎక్కువ విన్నాను. ఆ అవతలి మనిషిని నేను అవతలన్నయ్య అంటాను. అతుకు వేశాక వెలుతురు చేరిందో లేదో ఆ చివరి మనిషే చెప్పాలి. "వెలుగొచ్చిందా అన్నయ్యా?" అంటాను. "వచ్చింది చెల్లెమ్మా" అంటాడు. ఆ మాట చెవిన పడేదాకా నేను కుర్చీలోంచి లేవను.

మేమిద్దరం మాట్లాడుకునేది గులాబీ రంగు పోగు మీద. కేబుల్ నక్షాలో దాని ఎదురుగా "చెడిపోయింది" అని ఉంటుంది. మొదట్లో నిజంగానే చెడిపోయింది. రెండో ఏడు మేమే బాగుచేసుకుని, చెరో చివరా మాట్లాడే డబ్బా ఒకటి తగిలించుకున్నాం. నక్షా దిద్దాలంటే రెండు దేశాల్లోనూ పెద్దల సంతకాలు కావాలి. రేపు చూద్దాంలే అనుకున్నాం. ఆ రేపు ఇరవై ఏళ్లు రాలేదు. ఈలోపు ఆయన కంటి ఆపరేషన్, మా అత్తగారి పోట్లాటలు, ఆయన కూతురి పెళ్లి, అన్నీ ఆ పోగులోనే నడిచాయి.

గొడవ నిరుడు మొదలైంది. మా ఊరి ఆస్పత్రి రోగుల వివరాలన్నీ అవతలి దేశం కంపెనీ యంత్రాల్లో ఉండేవి. రెండు ప్రభుత్వాలకూ ఏదో తగువొచ్చింది. ఒక పొద్దున ఆ కంపెనీ మాకు సేవ ఆపేసింది. తొమ్మిది రోజులు! మా ఆడపడుచు ఆ ఆస్పత్రిలో పెద్ద నర్సు. మా ఇంట్లోనే ఉంటుంది, అందరం అమ్మడూ అని పిలుస్తాం. నలభై ఒక్కమంది రోగులు, ఎవరికి ఏ మందో చెప్పే తెర మీద ఒక్క అక్షరం లేదు. ఆ తొమ్మిది రోజుల్లో అమ్మడు సగమైపోయింది.

అందుకే, మన ఇంటర్నెట్ మనమే వేరుగా కట్టుకుందాం, రాకపోకలన్నీ ప్రభుత్వం చేతిలోనే ఉండాలి అని మాట లేచినప్పుడు, మా ఊళ్లో అందరికన్నా ముందు చెయ్యెత్తింది అమ్మడే. పొద్దున్నే టీ దగ్గర మొదలెట్టేది.

"వదినా, మన ఇంటి తాళం మన దగ్గరుండాలా, పక్కింట్లో ఉండాలా?"

"మన దగ్గరే ఉండాలి. కాదన్నానా? తలుపు తీసేసి గోడ కట్టేస్తే ఇంక తాళం దేనికమ్మా?"

"నువ్వు వార్డులో లేవు. ఒక్కొక్క మంచం దగ్గరా నిలబడి, 'తాతా, నువ్వు వేసుకునే మాత్ర తెల్లదా, పచ్చదా' అని అడిగింది నేను."

నేను నా టీలో చెంచా తిప్పుతూ కూర్చునేదాన్ని. మా ఆయన మధ్యలో కూర్చుని "టీ చల్లారిపోతోంది" అనేవాడు. ఆయన జీవితంలో తీసుకున్న ఏకైక పక్షం అది.

అమ్మడికి చెప్పకుండా నేను కడుపులో ఒకటి దాచుకున్నాను. ఆ తొమ్మిది రోజుల్లో రెండో రోజు, మందుల జాబితా ఒకటి అమ్మడి చేతికొచ్చింది. "ఆఫీసువాళ్లు పంపారు" అని నేనే ఇచ్చాను. అది ఆఫీసు పంపింది కాదు. ఆ వివరాలుండే గది అవతలన్నయ్య గదికి సరిగ్గా పై అంతస్తు. ఆయన మెట్లెక్కి వెళ్లి, అక్కడి గుమస్తాను బతిమాలి కాగితాలు తెచ్చి, గులాబీ పోగు మీద నలభై ఒక్కమందివీ చదివాడు. నేను రాసుకున్నాను. ఐదు గంటలు పట్టింది. చివరికి ఆయన గొంతు బొంగురుపోయింది.

అమ్మడికి ఎందుకు చెప్పలేదంటారా? అది గీత గీసినట్టు నడిచే మనిషి. తెలిస్తే దాచదు. పోగు సంగతి బయటపడితే ఇక ఆ పోగు మాకుండదు.

వేరు ఇంటర్నెట్ మీద జనం అభిప్రాయాలు వినడానికి ప్రభుత్వ కమిటీ మా టెలిఫోన్ ఆఫీసుకే వస్తోందని తెలిసింది. ముందురోజు డబ్బా ఎత్తాను.

"రేపు నన్నూ పిలిచారన్నయ్యా. వేరు ఇంటర్నెట్ వస్తే పోగులన్నిటినీ ప్రభుత్వం తనిఖీ యంత్రాల్లోకి కలుపుతారట. చెడిపోయిందని రాసినదాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోరు. నోరు మూసుకుంటే మన పోగు మనకుంటుంది."

"నాకు ఇంకో నాలుగు నెలలే చెల్లెమ్మా ఉద్యోగం. ఆ నాలుగు నెలలూ నీతో మాట్లాడుకుంటూ గడిపేయాలనుంది" అన్నాడు.

"ఒట్టు. పెదవి విప్పను" అన్నాను.

మర్నాడు మేడమీద హాలు నిండిపోయింది. కమిటీ పెద్ద ఒక కళ్లజోడు పెద్దాయన, మనిషి నెమ్మది. అమ్మడు ముందుగా మాట్లాడింది. చేతిలో కాగితం లేదు. ఒక్కో మంచం సంగతీ చెప్పింది. నాకే గర్వంగా అనిపించింది. చివర్లో మాత్రం గొంతు పెంచింది.

"అవతల మా రోగుల గురించి పట్టించుకున్న మనిషి ఒక్కడు లేడండీ. ఒక్కడంటే ఒక్కడు!"

తర్వాత నన్ను పిలిచారు. పెద్దాయన నక్షా ముందు పెట్టుకుని, "కేబుల్లో ఎన్ని పోగులు పనిచేస్తున్నాయమ్మా?" అని అడిగాడు.

తొంభై ఐదు. ఆ మాట నాలుక మీదే ఉంది. అనేస్తే అయిపోయేది. కానీ అమ్మడి చివరి మాట చెవిలో గుచ్చుకుంటోంది. బొంగురుపోయిన ఆ గొంతును నేను విన్నాను కదా.

"తొంభై ఆరు" అన్నాను.

ఇంక ఆగలేదు, మొత్తం చెప్పేశాను. మా పైఅధికారి నుదురు పట్టుకున్నాడు. అమ్మడు కూర్చున్నచోటునుంచి లేచింది.

"వదినా, ఆ జాబితాలో నాలుగో మంచం పోస్ట్‌మాన్ తాతకి రక్తం పల్చబడే మాత్ర. దాని పక్కన 'అర, అర, అర' అని మూడుసార్లుంది. ఎవడో తిక్క గుమస్తా అనుకుని నవ్వాను. నాకు గుర్తున్నది ఒక మాత్ర. ఆ అర చూసి ఆగాను."

"మోతాదు పదిహేను రోజుల ముందే తగ్గించారట. నేను తప్పు వింటానేమోనని ఆయన మూడుసార్లు చెప్పాడు. విన్నది విన్నట్టు రాశాను."

అమ్మడు కళ్లు తుడుచుకుని నన్నే నిలదీసింది. "ఆ రోజు ఆయన సెలవులో ఉండుంటే?"

ఔను, ఉండుంటే? నేనూ ఎన్నిసార్లు అనుకోలేదు!

"అందుకే మన వివరాలు మన ఆస్పత్రిలోనే ఉండాలి. ఆ మాట నీదే, ఒప్పుకుంటున్నా. అంతమాత్రాన ఆయన్ని అవతల వదిలేసి గోడ కట్టొద్దు."

అమ్మడు పెద్దాయన వైపు తిరిగింది. "నేను చెప్పినదాంట్లో ఆ చివరి మాట కొట్టేయండి. వదిన చెప్పింది రాసుకోండి" అంది. ఆయన రెండూ రాసుకున్నాడు.

కిందికెళ్లి డబ్బా ఎత్తాను. "నోరు జారానన్నయ్యా."

అటువైపు నవ్వు. "నువ్వు పెదవి విప్పనని ఒట్టేసినప్పుడే అనుకున్నాలే."

కమిటీ ఇంకా ఏదీ తేల్చలేదు. గులాబీ పోగు సంగతి మాత్రం వారంలో తేల్చేశారు. అనుమతి లేనిది కాబట్టి కత్తిరించాలి. చేయాల్సింది నేనే. ఆయనకు అక్కడ ఒక హెచ్చరిక కాగితం ఇచ్చారట, అంతటితో వదిలేశారు.

ఆ మధ్యాహ్నం అమ్మడు సెలవు పెట్టి నాతో కేబుల్ గదికి వచ్చింది. డబ్బా తీసుకుంది.

"అన్నయ్యా, నేను ఆస్పత్రి నర్సుని. పోస్ట్‌మాన్ తాత బాగున్నాడు. రోజూ నడుస్తున్నాడు. మీకు చెప్పాలని..." అంటూనే డబ్బా నా చేతిలో పెట్టేసింది.

"విన్నానమ్మా, విన్నాను" అంటున్నాడాయన.

"అన్నయ్యా, మళ్లీ అతకడానికి వీలుగా నా వైపు మీటరు పోగు చుట్టి వదులుతున్నాను."

"నేనూ చుట్టే ఉంచాను. ఇక కానివ్వు చెల్లెమ్మా. చెయ్యి జాగ్రత్త."

జేబులోంచి కత్తెర తీశాను. చిన్న చప్పుడు, అంతే. కొస తుడిచి, మూత తొడిగాను. నక్షాలో తేదీ రాశాను. ఇరవై రెండేళ్ల అలవాటు ఊరుకుంటుందా? పని అయింది కదా అని డబ్బా ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాను.

"వెలుగు పోయిందా అన్నయ్యా?" అన్నాను.

జవాబు కోసం ఆగాను కూడా. అమ్మడు వచ్చి నా చేతిలోంచి డబ్బా మెల్లిగా తీసి బల్ల మీద పెట్టింది.

"అతకాలంటే ఎంతసేపు పడుతుంది వదినా?"

"పావుగంట" అన్నాను.