కోటేశ్వరి నంబరు

పరీక్ష సెంటరు గేటు ముందు కోటేశ్వరి చాప పరుచుకుని కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది, నేనేమో చెప్పుల్లేకుండా కాలిపోతున్న తారు రోడ్డు మీద నిలబడి, ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో పెన్ను పట్టుకుని "నంబరు చెప్పవే, టైమైపోతోంది" అని అరుస్తున్నాను. నా భార్య పోయి ఏడాది దాటిందన్న సంగతి నాకు తెలుసు, ఆమెకూ తెలుసు, పిల్లల కోసం గొడుగులు వేసుకుని కాచుకుని ఉన్న తల్లులకూ తండ్రులకూ తెలుసు, అయినా ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకోవడం లేదు. ఒకాయన నన్ను కాస్త పక్కకు జరగమని సైగ చేస్తాడు, ఆయన నీడకు నేను అడ్డమట.

"ఏ నంబరండీ?" అంటుంది కోటేశ్వరి తలెత్తకుండానే.

"ఓటీపీ. నీ ఫోనుకి వచ్చింది. దివిజ దరఖాస్తుకి ఈ సాయంత్రమే ఆఖరు. ఆ అగ్రికల్చర్ బీయస్సీ సీటు తప్ప ఇంకోటి వద్దని కూర్చుంది నీ కూతురు."

"నా కూతురేనా? సీటొస్తే మీ కూతురూ, రాకపోతే నా కూతురా?"

చచ్చిపోయినా మాటకు మాట అప్పజెప్పడం మానలేదు. "ఎగతాళి తర్వాత. పదో తరగతి నుంచీ ప్రతి చోటా నీ నంబరే ఇచ్చి పెట్టావు. ఆ దరఖాస్తు తెరవాలంటే నీ ఫోనుకే ఓటీపీ వెళ్తదంట. పోనీ నంబరు మారుద్దామంటే, మార్చడానికి కూడా నీ ఫోనుకే వెళ్తదంట. ఎవడు కనిపెట్టాడో గానీ వాడి బుర్ర పగలగొట్టాలి."

"మీ నంబరు ఇస్తే ఏమయ్యేదో నాకు తెలవదా? మెసేజీ రాంగానే ముందు తిడతారు, తర్వాత చదువుతారు. అందుకే నాది ఇచ్చా" అని ఒక చిక్కుడుకాయ విరిచి, పురుగు ఉందేమోనని ఎండకు పెట్టి చూస్తుంది. "సరే రాసుకోండి. ఏడు."

నేను అరచేతిలో ఏడు వేస్తాను. "ఏడు. తర్వాత?"

"ఏడింటికే లేపుతున్నారా పిల్లని, ఆదివారం పూట కూడా?"

"కోటీ!"

"చెప్తున్నాగా. రెండు." నేను రెండు వేస్తాను, వేసేసరికి ఏడు చెమటకు కారి మణికట్టు దాకా జారిపోతుంది, దాన్ని పట్టుకుని మళ్ళీ పైకి నెట్టబోతే రెండు కూడా దానితో పాటే కదులుతుంది, ఇంతలో ఆమె "రెండు పూటలా పెరుగన్నమే తింటున్నారంట, కూర ఎవరూ వండట్లేదా ఇంట్లో?" అంటుంది. నాకు ఏడుపొచ్చేంత కోపం వస్తుంది. ఓటీపీకి ఉండే ఆయుష్షు ఎంతో ఈ మనిషికి ఎవరు చెప్పాలి?

గేటు ఉన్న చోట ఇప్పుడు నా మోటారు రివైండింగు షాపు ఉంది. షట్టరు సగమే తెరిచి ఉంది, లోపల బల్ల మీద కాలిపోయిన బావి మోటారు ఒకటి ఉంది, దానిలోంచి దరఖాస్తుల హెల్ప్‌లైన్ వాళ్ళ పాట వస్తోంది, మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం, దయచేసి వేచి ఉండండి. నిన్న పొద్దంతా విన్న పాటే. నేను స్పానర్ తీసుకుని మోటారు మూత విప్పుతాను, రాగి తీగ చుట్టలు చుట్టలుగా బయటికి వస్తూనే ఉంటుంది, పాట ఆగదు, కోటేశ్వరి ఆ తీగ మధ్యలోనే చాప వేసుకుని చిక్కుళ్ళు వలుస్తూ ఉంటుంది.

"అసలు ఓటీపీ ఎవలికీ సెప్పకూడదంట బాబూ" అంటుంది ఉన్నట్టుండి.

ఆ యాస ఆమెది కాదు. కోటేశ్వరిది చీరాల దాటని గొంతు. "నువ్వెప్పటి నుంచే ఇట్టా మాట్లాడేది?"

"ఇప్పుడు నేనుండేది అక్కడే కదండీ" అంటుంది మామూలుగా.

అప్పుడు నాకు నిన్నటి సంగతి గుర్తొస్తుంది, కలలో గుర్తొచ్చే విషయాలు ఒంటికి తగిలినట్టు ఉంటాయి. కోటేశ్వరి డెంగీ జ్వరంతో పోయాక ఆమె ఫోనును బీరువాలో పెట్టి తాళం వేశాం, రీచార్జి చెయ్యాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు, కంపెనీ వాళ్ళు నంబరు ఆపేసి కొన్నాళ్ళకు ఎక్కడో పలాస దగ్గర ఒకావిడకు ఇచ్చేశారు. నిన్న నేను ఆ నంబరుకు ఫోన్ చేసి, ఓటీపీ వస్తుంది చెప్పండమ్మా అని బతిమాలితే, ఓటీపీ ఎవలికీ సెప్పొద్దని బేంకు వాళ్ళు సెప్పారు బాబూ, నాను సెప్పను, అంది. నేను దొంగను కాదు, చదువుకునే పిల్ల తండ్రినని చెప్పాను. దొంగలు కూడా అలాగే సెప్తారట, అంది. నేను అరిచాను. ఆవిడ పెట్టేసింది. తప్పు ఆవిడది కాదని నాకూ తెలుసు, అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

"ఆవిడ కాదు, నువ్వు చెప్పు. నీకు చెప్పడానికేం?" అంటాను.

కోటేశ్వరి తీగ చుట్టలు పక్కకు జరిపి నాకు కూర్చోవడానికి చోటిస్తుంది, నేను కూర్చోను, కూర్చుంటే ఇంక లేవలేనని భయంగా ఉంది. షాపు గోడలు సగం దాకా మా వంటిల్లైపోయాయి, పొయ్యి మీద ఏదో ఉడుకుతున్న చప్పుడు, కానీ వాసన రావడం లేదు.

"ఫిజిక్సు పరీక్ష మళ్ళీ పెడతారంటగా?" అంటుంది.

ఆ మాటతో నా కోపానికి దారి దొరుకుతుంది. "పేపరు ముందే బయటికి పొక్కిందని ఎవడో అన్నాడంట. దాన్ని పట్టుకుని, మళ్ళీ పెడతామని ఒక రోజు, పెట్టమని ఒక రోజు. ఈ పిల్లలేం బొమ్మలా? ఆ మార్కులు తేలకపోతే సీటు సంగతి తేలదు. ఊరుకోలేదులే నేను. మా కాలేజీ తల్లిదండ్రులందరి చేతా సంతకాలు పెట్టించా, మళ్ళీ పెట్టడానికి వీల్లేదని అర్జీ ఇచ్చి వచ్చాం. రేపు మళ్ళీ వెళ్తున్నాం. పెట్టనిచ్చేది లేదు."

"పెడితే పెట్టనివ్వరాదూ."

"ఏందీ?"

"పెట్టనివ్వండి అంటున్నా."

"నువ్వు తల్లివేనా? అంత కష్టపడి రాసిన పరీక్ష మళ్ళీ రాయాలా అది?"

"అది రాసిందని ఎవరు చెప్పారు మీకు?"

"అదే చెప్పింది. అడిగాను. బాగా రాశానంది."

"ఎక్కడ అడిగారు?"

"గేటు దగ్గరే, బయటికి రాంగానే. ఈ గొడుగుల వాళ్ళందరూ అక్కడే ఉన్నారు, కావాలంటే వాళ్ళనే అడుగు."

"అందరి ముందూ అడిగితే అందరి ముందు చెప్పే జవాబే చెప్తది" అని ఈనెలు గుప్పిట నిండా తీసి నా అరచేతిలో పోస్తుంది, అంకెలు రాసుకున్న అరచేతిలోనే, ఇక ఆ ఏడూ రెండూ ఎక్కడున్నాయో కూడా కనపడవు.

మా ఇంట్లో మాటలు ఎప్పుడూ తిన్నగా నడవలేదు. దివిజకు ఏం కావాలన్నా వాళ్ళమ్మకు చెప్పేది, వాళ్ళమ్మ అన్నం వడ్డిస్తూ నాకు చెప్పేది, నేను నా విసుగంతా ఆమె మీద తీర్చుకుని చివరికి సరే అనేవాణ్ణి, ఆ సరే మళ్ళీ వంటింటి మీదుగా పిల్లకు చేరేది. ముగ్గురం ఒకే గదిలో ఉన్నా అంతే. ఇప్పుడు నేనూ దివిజా చదువు గురించి మాట్లాడుకుంటే పోలీసు స్టేషనులో మాట్లాడుకున్నట్టు ఉంటుంది, తిన్నావా, తిన్నాను, చదివావా, చదివాను. ఇదంతా నేను కోటేశ్వరికి చెప్పాలనుకుంటాను, కానీ నోట్లోంచి వచ్చేది మాత్రం వేరే.

"అన్నీ నీ నంబరు మీద పెట్టుకుని వెళ్ళిపోయావు. హాల్ టికెట్టు నీ నంబరు, కాలేజీ మెసేజీలు నీ నంబరు, గ్యాసు బండ నీ నంబరు. నన్ను దేనికీ కొరగానివాణ్ణి చేసి పోయావు. నాకు నీ మీద ఎంత కోపంగా ఉందో నీకు తెలుసా?"

"తెలుసండీ."

"తెలిస్తే ఆ నంబరు చెప్పు!"

కోటేశ్వరి చిక్కుళ్ళు పక్కన పెట్టేస్తుంది. మొదటిసారి నా ముఖంలోకి చూస్తుంది, ఆ చూపులో జాలి ఏమీ లేదు, పండగ రోజు పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చినప్పుడు ఉండే అలసట, విసుగు.

"ఎన్నాళ్ళని మోసేదండీ మీ ఇద్దరి మాటలూ? దానిది మీకూ, మీది దానికీ. బతికినన్నాళ్ళూ మోశా. చచ్చినా వదలరా నన్ను?"

గొడుగుల వాళ్ళు మా వైపే చూస్తున్నారు. గంట కొడుతుంది, గేటు తెరుస్తారు, పిల్లలు అట్టలు పట్టుకుని గుంపుగా బయటికి వస్తుంటారు, ఆ గుంపులో దివిజ ఎక్కడుందో వెతుకుతూనే నేను వెనక్కి తిరిగి చూస్తాను, కోటేశ్వరి చాప చుట్టి చంకలో పెట్టుకుని ఎదురుగా ఆగిన బస్సు ఎక్కేస్తూ ఉంటుంది. పరిగెత్తుతాను, కాళ్ళకు రాగి తీగ చుట్టుకుంటుంది, "నంబరు! కోటీ, మిగతా నంబరు!" అని అరుస్తాను. కిటికీలోంచి ఏదో చెబుతుంది. పిల్లల గోలలో ఒక్క ముక్క కూడా వినపడదు.

మెలకువ వచ్చేసరికి ఒళ్ళంతా చెమట. మధ్యాహ్నం భోజనం చేసి కుర్చీలో నడుం వాల్చాను, కరెంటు ఎప్పుడు పోయిందో ఫ్యాను ఆగిపోయి ఉంది. లోపలి గదిలోంచి దివిజ గొంతు వినిపిస్తోంది. ఎవరితోనో ఫోనులో మాట్లాడుతోంది, ఆగకుండా, మధ్యమధ్య ముక్కు ఎగబీలుస్తూ. నాతో ఈ నెలంతా కలిపి అన్ని మాటలు మాట్లాడలేదు. "అవునాంటీ... లేదాంటీ, నాన్నకు తెలీదు" అన్న మాటలు మాత్రం స్పష్టంగా వినిపించాయి.

కాసేపటికి బయటికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"దరఖాస్తు అయిపోయింది నాన్నా. ఆంటీ ఓటీపీ చెప్పింది. నంబరు కూడా నీది పెట్టేశా."

"ఏ ఆంటీ?"

ఫోను నా చేతికిచ్చింది. తెర మీద 'అమ్మ' అని ఉంది. దాని పైన, మా తమ్ముడి పెళ్ళిలో తీసిన కోటేశ్వరి ఫొటో. కాల్ ఇంకా నడుస్తూనే ఉంది, చెవి దగ్గర పెట్టుకున్నాను.

"బాబూ, నిన్న సెప్పనేదని ఏటీ అనుకోకండి" అంది అవతలి గొంతు. "పొద్దుట పాప ఫోన్ సేసింది. ఇది మా యమ్మ నంబరండీ అని ఏడిసీసింది. మరి సెప్పకుండా ఎలాగుంటాను?"

"చాలా థాంక్సమ్మా" అన్నాను.

"మీకో మాట సెప్పమంది. కోప్పడకండేం. ఆ ఫిజిక్సో ఏటో, ఆ పరీచ్చ సరిగ్గా రాయనేదట. సివర్లో సానా ఒగ్గీసిందట. మల్లీ పెడితే బాగున్నని రోజూ దన్నం పెట్టుకుంటందట. మీరేమో పెట్టొద్దని సంతకాలు ఎట్టించి తిరుగుతన్నారట కదా. మీతో సెప్పడానికి బయ్యమట."

దివిజ తలుపు దగ్గర నిలబడి కర్టెన్ అంచు దారం లాగుతోంది. నా వైపు చూడటం లేదు, కానీ కదలడమూ లేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. రెండు వారాలు ఎండలో తిరిగాను. ఊళ్ళో అందరి కాళ్ళూ పట్టుకున్నాను. "బాగా రాశానని నాతో ఎందుకు చెప్పిందో అడగండమ్మా దాన్ని" అన్నాను ఫోనులోకి.

"అడుగుతాను బాబూ" అంది ఆవిడ. "పాప ఎక్కడుంది?"

"ఇక్కడే. నా ఎదురుగానే."

"ఎదురుగా ఉంటే మరి నాతో ఏటి బాబూ?" అని నవ్వి పెట్టేసింది.

తెర మీద 'అమ్మ' కాసేపు ఉండి పోయింది. నేను ఫోను ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఎంత వదిలేశావే?" అన్నాను. గొంతు గట్టిగానే వచ్చింది.

దివిజ లోపలికి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. "సగం పైనే" అంది.

"మళ్ళీ పెడతారులే."

"పెట్టకపోతే?"

"తెలీదమ్మా" అన్నాను. చదువు సంగతుల్లో ఆ మాట తనతో ఎప్పుడూ అనలేదు. "రేపు నేను వాళ్ళతో వెళ్ళను. ముందు నువ్వు చెప్పు, ఏమైందో."

వచ్చి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. మొదటి ప్రశ్న చదవగానే చేతులు చల్లబడ్డాయని, గడియారం వంక చూస్తూ ఉండిపోయానని, గేటు దగ్గర నేను అడిగినప్పుడు నిజం చెప్పాలనే నోరు తెరిచానని, పక్కన అందరూ నవ్వుతూ ఉన్నారని, మొదలుపెట్టి చెబుతూ పోయింది. మధ్యలో నాకు రెండుసార్లు తిట్టాలనిపించింది. తిట్టలేదు. అంతా విన్నాను.