కలకి ఒక్క అంకె

మా తమ్ముడు బాన్‌లామ్ విల్లు పడితే పోలో మైదానంలో అందరూ మాటలాపి చూస్తారని నేను పేటంతా చెప్పుకు తిరిగేదాన్ని. మాలో పిల్లలకి మేనమామ మాటే మాట కాబట్టి నా కూతుళ్ళిద్దరినీ దారిలో పెట్టాల్సినవాడూ వాడే. అలాంటివాడు చలికాలం మొదలైనప్పటి నుంచి విల్లు గోడకి తగిలించి ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. అందులో ఆడేదీ తీర్ జూదమే. కాకపోతే బాణాలు లేని తీర్.

బాణాలు లేని తీర్ ఏమిటని నాకు ఒళ్ళు మండుతుంది. మా షిల్లాంగ్‌లో మధ్యాహ్నం విలుకాళ్ళు గడ్డిమోపు మీద బాణాలు వేస్తారు. గుచ్చుకున్నవాటిని అందరి ఎదుటా లెక్కపెడతారు. ఆ లెక్కలో చివరి రెండంకెలు ముందుగా చెప్పినవాడు గెలిచినట్టు. రోజుకి రెండే ఆటలు, ఆదివారం సెలవు. లాబన్‌లో నీలం రంగు కొట్టు పెట్టుకుని, ప్రభుత్వమిచ్చిన లైసెన్సు గోడకి బిగించుకుని ఇరవై రెండేళ్ళుగా ఆ పందెం చీట్లు రాస్తున్నాను. పేరు ఫిడాలియా. పేటంతా కాంగ్ అంటుంది, అంటే అక్కే.

నా కొట్టుకి ఎవరూ అంకెతో రారు, కలతో వస్తారు. కలలో మగమనిషి కనబడితే ఆరు, ఆడమనిషైతే ఐదు. పక్కన రెండోది ఏమిటో నేను తేలుస్తాను. కలకి ఒక్క అంకె, అంటే ఒకే చీటీ, అదీ నా కొట్టు నియమం. రెండోది అడిగితే, "ఇంటికి పోయి పడుకుని ఇంకో కల కని రా" అని తరిమేస్తాను. బాన్‌లామ్ కలలకి ఒకప్పుడు మంచి గిరాకీ. వాడు రాత్రి ఏం కన్నాడో కనుక్కోవడానికి టాక్సీవాళ్ళు పొద్దున్నే మా మెట్ల దగ్గర చేరేవాళ్ళు.

ఫోన్‌లో మాత్రం పావుగంటకో ఆట. ఆదివారం లేదు, పండగ లేదు. వాడి కళ్ళు గుంటలు పడ్డాయి. నెలాఖరులోగా మైదానానికి రాకపోతే నీ తమ్ముడి చోటు ఇంకొకడికి ఇచ్చేస్తామని విలుకాళ్ళ పెద్ద నాకే కబురంపాడు. విల్లు పోతే నా తమ్ముడిలో మిగిలేదేముంది? నాకు భయం వేసింది.

సరిగ్గా అప్పుడే ఫోన్ జూదాన్ని బంద్ చెయ్యాలా, లైసెన్సులిచ్చి నడపాలా అని జనాన్ని అడగడానికి ప్రభుత్వం ఒక ఆఫీసర్ని మా పేట హాలుకి పంపింది. ఆయన జొవాయ్ నుంచి వచ్చిన సుచియాంగ్. బక్కపలచని మనిషి, చంకలో లావుపాటి ఫైలు. బంద్ చెయ్యమని చెప్పడానికి నేను ముందు వరసలో కూర్చున్నాను. బాన్‌లామ్ వెనక గోడకి ఆనుకుని ఫోన్ చూసుకుంటున్నాడు.

టాక్సీ తోలే స్కెమ్ ముందే లేచాడు. "బంద్ చేస్తే ఏమవుద్ది సార్? ఇంకో పేరుతో దొంగచాటుగా వస్తాది. అప్పుడు మోసం జరిగితే ఎవడి చొక్కా పట్టుకోవాలి?"

"నోర్ముయ్ స్కెమ్! ఆ చెత్త మన పిల్లల చేతుల్లో ఉండాలా?" అన్నాను.

"నీ కొట్టు గిరాకీ పోద్దని బాధ, కాంగ్!"

హాలంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాను. ఆఫీసర్ చేయి అడ్డం పెట్టుకుని ఆవలించాడు.

"క్షమించండమ్మా, రాత్రి గెస్ట్‌హౌసులో సరిగ్గా నిద్ర లేదు. ఏదో పిచ్చి కల. ఇద్దరు మగాళ్ళు ఒక పందిని మేడమెట్ల మీదుగా మోసుకెళ్తున్నారు..."

హాలంతా ఒక్కసారిగా ముందుకి వంగింది. ఊరుకానివాడి కల, అడక్కుండా దానంతటదే బయటపడిన కల! అలాంటిదే తగులుతుందని మా నమ్మకం. మరుక్షణం కుర్చీలు పడిపోతున్నాయి, జనం తలుపు దగ్గర తొక్కుకుంటున్నారు. నేనూ పరిగెత్తాను, సిగ్గెందుకు, కొట్టు తాళంచెవి నా దగ్గరే ఉంది కదా. ఆఫీసర్ ఫైలు పట్టుకుని, "మీటింగ్ అయిపోలేదండీ!" అంటూ మా వెనకే వచ్చాడు.

కొట్టు ముందు గొడవ మొదలైంది. ఇద్దరు మగాళ్ళు కాబట్టి అరవై ఆరు అని ఒకరు, పందిని కలపరా అని ఇంకొకరు. "సార్, పంది బతికుందా, చచ్చిందా?" అని ఒక ముసలమ్మ ఆఫీసర్ చొక్కా పట్టుకుని నిలదీసింది. ఆయన బిక్కమొహం వేసి, "బతికే ఉందనుకుంటానమ్మా" అన్నాడు.

బాణాలు మొదలయ్యేలోగా చీట్లు ఆపాలి కాబట్టి మూడున్నర కాగానే షట్టర్ దించేశాను. అప్పుడొచ్చాడు స్కెమ్, టాక్సీని పక్కకి పెట్టి, రొప్పుతూ.

"ఒక్కటి రాయి కాంగ్, నీ కాళ్ళు మొక్కుతా!"

"టైమైపోయింది. రేపు రా."

"ఒక్క చీటీకి ఏం పోతుందమ్మా?" అన్నాడు ఆఫీసర్, జాలిపడి.

"లైసెన్సు పోద్ది బాబూ. ఈ నియమం రాసింది మీ ప్రభుత్వమే. మర్చిపోయారా?"

ఆయన షట్టర్‌ని కాసేపు చూసి, వెనకే నిలబడ్డ బాన్‌లామ్ వైపు తిరిగాడు. "మీరు ఫోన్‌లో ఆడతారనుకుంటా. మీకు నిన్న రాత్రి ఏం కల వచ్చింది?" నవ్వులాటకే అడిగాడు.

బాన్‌లామ్ నవ్వలేదు. "నాకు కలలు రావట్లేదు సార్. మూడు నెలలైంది. పావుగంటకో ఆటైతే నిద్దరెక్కడిది?"

అక్కడున్నదంతా ఒకప్పుడు వాడి కలల కోసం మెట్ల దగ్గర కాచుకున్నవాళ్ళే. ఒక్క ఇంట్లో ఉంటూ నేనెప్పుడూ ఆ మాట అడగలేదు.

"రాసుకోండి బాబూ," అన్నాను ఆఫీసర్‌తో. "పొద్దుట బంద్ అందామనుకున్నా. స్కెమ్‌గాడు చెప్పిందే నిజం, దొంగచాటుగా వచ్చేదానికి షట్టర్ దించేవాడుండడు. దానికీ లైసెన్సివ్వండి, షట్టర్ కూడా పెట్టండి. రోజుకి రెండే ఆటలు, ఆదివారం సెలవు. ఇంక నన్ను రానివ్వొద్దు అని ఎవరన్నా అంటే, వాళ్ళ పేరు రాసుకుని, కాళ్ళా వేళ్ళా పడ్డా తలుపు తియ్యకూడదు."

ఆయన అక్కడే నిలబడి రాసుకున్నాడు.

"నా పేరు ముందు రాయండి," అన్నాడు బాన్‌లామ్.

"చట్టం ఇంకా రాలేదు కదయ్యా. రావడానికి చాలా రోజులు పట్టొచ్చు."

"అందాకా మా అక్క ఉందిగా." ఫోన్ తీసి నా వక్కల బుట్టలో పడేశాడు. దాన్ని తమలపాకుల కిందికి తోసి మూత పెట్టాను.

ఆ రోజు అరవై ఆరూ రాలేదు, పందీ రాలేదు. ఆఫీసర్ కలలకి విలువ లేదని పేటంతా తేల్చేసింది.

తర్వాత రోజులు తేలిగ్గా గడవలేదు. రోజుకి పదిసార్లు ఫోన్ అడిగేవాడు, నేను పదిసార్లు తిట్టేదాన్ని. తొమ్మిదో రోజు పొద్దున విల్లు భుజాన వేసుకుని కొట్టుకొచ్చాడు.

"అక్కా, కలొచ్చింది."

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. "చెప్పు."

"అమ్మ మెట్ల మీద కూర్చుని ఆకుకి సున్నం రాస్తోంది. నన్ను చూసి, తిన్నావా అంది."

"అమ్మంటే ఐదు. ఎన్ని ఆకులున్నాయి?"

"లెక్కెట్టలేదే. అమ్మనే చూస్తూ ఉండిపోయా."

ఆ కలకి చీటీ రాయలేదు. షట్టర్ గంట ముందే దించేసి వాడితోపాటు మైదానానికి పోయాను. వాడి ముప్పై బాణాల్లో పదకొండే గుచ్చుకున్నాయి. పక్కవాళ్ళు నవ్వుతున్నా సరే, పదకొండూ నేనే పైకి అరిచి లెక్కపెట్టాను.