పసుపు పూసిన పిపెట్

దసరా ముందు రోజు ల్యాబ్‌లో ఆయుధపూజ. ప్రొఫెసర్ ఆర్థర్ ఆదివారాలు చర్చిలో ఆర్గన్ వాయిస్తారు. అయినా పూజ ఆయనే దగ్గరుండి చేయిస్తారు. ఒక ఏడాది మానేశారు. ఆ ఏడాది ఫ్రీజర్ కంప్రెసర్ కాలిపోయింది. రెండిటికీ సంబంధం లేదని ఆయనే చెబుతారు. చెప్పి, కొబ్బరికాయలకు మనిషిని పంపుతారు.

దేవిక, ద్రవాలు కొలిచి పోసే తన పిపెట్‌కు పసుపు రాసి కుంకుమ పెట్టింది. ఆమెది శ్రీకాకుళం. వాళ్లింట్లో కత్తిపీటకు కూడా చేతినిండా తీసుకుని రాస్తారు. పక్క బల్ల విజయేందర్‌ది. అతను అప్పటికే ఎంఎంటీఎస్ రైలెక్కి అమీర్‌పేటలో జావా క్లాసుకు వెళ్లాడు. అతని పిపెట్‌కు ఎవరూ ఏమీ రాయలేదు.

దేవిక పరిశోధన ఒక ప్రొటీన్ మీద. అది కణం చుట్టూ ఉండే పొరలో కూర్చుని చక్కెరను లోపలికి దాటిస్తుంది. ఫిట్స్‌తో బాధపడుతున్న ఒక పాపలో ఆ ప్రొటీన్ ఒకచోట మారి ఉంది. అందువల్లే చక్కెర మెదడుకు అందడం లేదని దేవిక నమ్మకం. రుజువు చేయాలంటే మారిన ప్రొటీన్‌ను కొన్ని కప్ప గుడ్లలో, మామూలు ప్రొటీన్‌ను మరికొన్నిటిలో తయారు చేయించి, చక్కెర నీళ్లు పోసి, ఏవి ఎంత పీల్చుకున్నాయో కొలవాలి. సోమవారం కమిటీ ముందు ఫలితం చూపకపోతే ఫెలోషిప్ ఆగిపోతుంది.

ఆర్థర్ ల్యాబ్‌లో ఒక నియమం ఉంది. పోలిక కోసం పెట్టిన గుడ్లను, ఫలితం కావాల్సిన మనిషి ముట్టుకోకూడదు. కాబట్టి పండగ మర్నాడు మారిన ప్రొటీన్ ఉన్న గుడ్లకు దేవిక, మామూలువాటికి విజయేందర్ చక్కెర నీళ్లు పోశారు. ఎవరి పిపెట్‌తో వాళ్లు.

మామూలు గుడ్లు చక్కెర పీల్చుకున్నాయి. మారినవి పీల్చుకోలేదు.

"అయిపాయె. డాక్టర్ దేవిక," అన్నాడు విజయేందర్. "చాయ్ తాపియ్యి."

తాపించింది. తిరిగొచ్చి పిపెట్ కడుగుతుంటే మొనలోంచి పసుపు నీళ్లు కారాయి.

"నాదానికే పసుపుంది. నీదానికి లేదు," అంది.

"గింత పసుపుకే ప్రొటీన్ ఆగుతదా?"

"ఆగదని రాసిస్తావేటి?"

"ఉత్తగ పరేషాన్ కాకు. కమిటీ అయినంక కడుక్కో."

ఆమె పిపెట్ తీసుకెళ్లి ఆర్థర్ బల్ల మీద పెట్టి జరిగింది చెప్పింది. ఆయన దాన్ని దీపం దగ్గర పెట్టి చూశారు.

"కప్పలున్నాయా?"

"ఉన్నాయి సార్."

"అయితే మళ్లీ చెయ్యమ్మా. ఈసారి పసుపు కలిపి ఒకటి, కలపకుండా ఒకటి."

శనివారం చేశారు. పసుపు లేనిచోట మారిన గుడ్లు మామూలువాటితో సమానంగా చక్కెర పీల్చుకున్నాయి. పసుపు కలిపినచోట రెండూ పీల్చుకోలేదు.

సోమవారం దేవిక తన నమ్మకం తప్పని కమిటీకి చెప్పింది.

"మరి పాపకు ఫిట్స్ ఎందుకొస్తున్నాయి?" అడిగారు అధ్యక్షురాలు జ్ఞానమణి.

"తెలీదు మేడమ్. వెతకడానికి ఇంకొంచెం టైమ్ కావాలి."

మొదటి ప్రయోగం ఎందుకు చెడిందని ఒకాయన అడిగాడు. దేవిక పసుపు సంగతి చెప్పింది. అందరూ టీ కప్పులు కింద పెట్టారు. నిజామాబాద్ పసుపు, దుగ్గిరాల పసుపు విడివిడిగా పరీక్షించాలని ఒకరన్నారు. ఫెలోషిప్ రెండేళ్లు పొడిగించారు, పసుపు మీద పనికి. పాప ప్రొటీన్ గురించి తీర్మానంలో లేదు.

విజయేందర్ వరండాలో కాచుకుని ఉన్నాడు.

"పసుపు పనికి ఒప్పుకున్నవా?"

"ఒప్పుకున్నాను."

"మరి పాప ముచ్చట?"

"కప్ప గుడ్లు చల్లగా ఉంటాయి. పాప ఒళ్లు వెచ్చన. ఆ వేడికి ఆ ప్రొటీన్ నిలబడుతుందో లేదో మనం చూళ్లేదు. మనిషి కణాల్లో చూడాలి."

"కమిటీకి చెప్పినవా?"

"పసుపు ఒంటి వేడిలో కూడా పనిచేస్తుందో లేదో చూడాలి, మనిషి కణాలు కావాలని అడిగాను. మామూలు ప్రొటీన్‌తో ఒకటి, మారినదాంతో ఒకటి."

"ఏమన్నరు?"

"శాంక్షన్ చేశారు."