లోపం లేని తివాచీ

అయినా తప్పు బీరువాది కాదు, గుమ్మానిది. గుమ్మం ఇంకో నాలుగంగుళాలు వెడల్పుంటే తను కొన్న ఆ బీరువా లోపలికి వచ్చేది, పదకొండేళ్లుగా వరండాలో చెప్పులు మోస్తూ ఉండేది కాదు, భోజనాలకు కూర్చున్నప్పుడల్లా బావమరిదికి చెప్పుకోవడానికి ఆ కథా మిగిలేది కాదు. అలా అనుకుంటూనే గడియారాలు బాగుచేసే ఆయన తివాచీల గదిలో మోకాళ్ల మీద కూర్చుని, కంటికి భూతద్దం బిగించుకున్నాడు.

బీరువా తరవాత ఆయన ఇంటికి దేన్నీ ఎంచలేదు. పొద్దున భార్య చల్లటి గచ్చు మీంచి కాళ్లు పైకి ముడుచుకుంటూ, "సాయంత్రంలోగా మీరే ఒక తివాచీ చూసి తెండి. మీ వల్ల కాదంటే మా తమ్ముడు ప్లాస్టిక్‌ది తెచ్చి పడేస్తానంటున్నాడు" అంది. ఆ గొంతులో చిరాకు లేదు. ఉంటే ఆయనకు ధైర్యంగా ఉండేది. ఆయన తేలేడన్న సంగతికి ఆవిడ ఎప్పుడో అలవాటుపడిపోయింది.

గదిలో జనపనార తివాచీల దొంతర ఉంది. వాటిని నేసే ఆవిడ మగ్గం దగ్గర్నుంచి లేవకుండానే ఈయన్ని గమనిస్తోంది.

"ఇక్కడ రెండు వరసలు బాగా బిగుసుకుపోయాయమ్మా."

"మా అత్తగారు వచ్చి ఎదురుగా కూర్చున్న రోజు లెండి."

"దీని అంచు వదులైపోయింది."

"అది ఆవిడ వెళ్లిపోయిన రోజు."

ఆయన నవ్వలేదు. గడియారంలో వెంట్రుకవాసి తేడా వస్తే ఎవరికో రైలు తప్పిపోతుంది. తివాచీలో తేడా వస్తే ఎవరికి ఏమవుతుందో మాత్రం ఆయనకు తట్టలేదు. దొంతరలోని ఆరింటినీ పక్కన పెట్టేశాడు. దొంతర మీద కప్పి ఉండగా మొదట్లోనే తీసి గోడకు ఆనించినదాన్ని చివరికి పరిచాడు. ఈ కొసనుంచి ఆ కొసదాకా అరగంట వెతికాడు. ఒక్క వరస తప్పలేదు. గుండెల మీంచి బీరువా దిగిపోయినట్టయింది.

"ఇది ఇచ్చెయ్యమ్మా."

"అది అమ్మేది కాదండీ. మిషన్‌ది, ప్లాస్టిక్. నా సరుకు మీద దుమ్ము పడకుండా కప్పుకున్నాను."

ఆయన భూతద్దం తీసి చూశాడు. బావమరిది ఫోనులో ఫొటో చూపించింది అచ్చం దీన్నే. ఇంతసేపూ తను లోపం ఉందా అని చూశాడు గాని, అదేమిటో చూడలేదు. ఈ సంగతి తెలిస్తే బావమరిది ఇంకో పదకొండేళ్లు సుఖంగా భోంచేస్తాడు.

"ఇంతకీ ఎవరికండీ?" అందావిడ.

"మా ఆవిడకి. పొద్దున్నే గచ్చు మీద కాలు పెట్టలేకపోతోంది."

"కాలికి కావలసినదాన్ని కంటితో వెతుకుతారేంటండీ?"

మగ్గం చప్పుడు మళ్లీ మొదలైంది. ఆయన భూతద్దాన్ని జేబులో వేసుకున్నాడు. మొదట పక్కన పెట్టినదాన్ని లాగి పరిచి, ఎడమ బూటు విప్పాడు. మేజోడుకు బొటనవేలి దగ్గర చిల్లు కనిపించింది. దాన్నీ లాగేసి, అత్తగారు ఎదురుగా కూర్చున్న రోజు నేసిన ఆ రెండు వరసల మీద పాదం ఆనించాడు.

"ఇదే," అన్నాడు, పాదం తీయకుండా.